గోడకు రాసుకునే గొర్రెకు స్క్రేపీయేనా?

ప్రశ్న: మాకు 80 దక్కని గొర్రెలున్నాయి. మూడు వారాలుగా ఆరేడు గొర్రెలు గోడలకు, చెట్లకు ఒళ్ళు రాసుకుంటున్నాయి. ఉన్ని ఊడుతోంది. ఏడాది వయసున్న పొట్టేలొకటి తూలుతూ ఎప్పుడూ ఎడమ పక్కకే గుండ్రంగా తిరుగుతోంది. ఇది స్క్రేపీ అనే మెదడు జబ్బని, మందు లేదని, మాంసం తింటే మనుషులకూ వస్తుందని ఫోన్‌లో వీడియో చూశాం. మంద మొత్తం అమ్మేయాలా? – ఒక పెంపకందారు, నారాయణపేట జిల్లా

జవాబు: అమ్మకండి. మీరు రాసినవి ఒకే జబ్బు లక్షణాల్లా లేవు. రాసుకునే గొర్రెలకు గజ్జి, తిరుగుతున్న పొట్టేలుకు మెదడులో నీటితిత్తి ఉండొచ్చని అనుమానం. స్క్రేపీ ఎందుకు కాదనుకుంటున్నామో తెలియాలంటే ఆ జబ్బు మెదడును ఎలా తింటుందో తెలియాలి.

స్క్రేపీకి బ్యాక్టీరియా గానీ వైరస్ గానీ కారణం కాదు. ప్రతి గొర్రె మెదడు కణాల పైపొర మీదా ప్రియాన్ ప్రొటీన్ సహజంగానే ఉంటుంది. మనుషుల్లోనూ ఉంటుంది. దాని మడత చెడితేనే చిక్కు. మంచి ప్రొటీన్‌ను ఒంట్లోని ఎంజైములు తేలిగ్గా విరగ్గొట్టేస్తాయి. మడత చెడినది వాటికి లొంగదు, ఒకదానికొకటి అతుక్కుని పేరుకుపోతుంది, పక్కనున్న మంచి ప్రొటీన్‌నూ తనలా మార్చేస్తుంది. పాలలో వేసిన తోడు చేసే పనే ఇది. కాకపోతే తోడులో బతికున్న సూక్ష్మజీవులుంటాయి, ఇందులో జన్యుపదార్థమే లేదు. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ 1982లో ఈ మాట చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

గొర్రెపిల్లలకు ఇది ఎక్కువగా ఈత సమయంలో, మాయ, ఉమ్మనీటి ద్వారా అంటుతుంది. నోటి గుండా వెళ్ళిన మడత చెడిన ప్రియాన్ టాన్సిళ్ళలో, చిన్నపేగు గోడలోని లింఫు కణజాలంలో పెరిగి, పేగు నరాల వెంట పాకుతూ మెదడు కాండానికి (మెదడు వెన్నుపాముతో కలిసే అడుగు భాగానికి) చేరుతుంది. అక్కడ నాడీకణాలు చచ్చి, మెదడంతా సన్నని చిల్లులు పడుతుంది. సొంత ప్రొటీనే కాబట్టి ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తించదు. జ్వరం రాదు, యాంటీబాడీలు తయారుకావు. మామూలు రక్తపరీక్షకు దొరకనిది అందుకే, టీకా లేనిదీ అందుకే.

ఇదంతా జరగడానికి ఏళ్ళు పడుతుంది. స్క్రేపీ ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ గొర్రెల్లో, ఒకటీ అరగా బయటపడుతుంది. మూడు వారాల్లో ఆరేడింటికి పాకదు. పైగా అది మెదడు రెండు పక్కలనూ దెబ్బతీస్తుంది కాబట్టి వెనక కాళ్ళు రెండూ తడబడతాయి. ఒకే పక్కకు తిరుగుతోందంటే మెదడులో ఒక వైపే ఏదో ఒత్తుతోందని అర్థం. నడుము మీద గోకితే గొర్రె పెదవులు ఆడించడం స్క్రేపీ గుర్తని వీడియోల్లో చెబుతుంటారు. గజ్జి గొర్రె కూడా అలాగే ఆడిస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు.

రాసుకుంటున్న వాటిని ముందు వేరు చేయండి. పుండు అంచున చర్మం గీసి పశువైద్యశాలలో పరీక్ష చేయిస్తే గజ్జి పురుగు కనిపిస్తుంది. ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్ 50 కిలోల బరువుకు 1 మి.లీ. లెక్కన చర్మం కింద ఇప్పించండి. 25 కిలోల గొర్రెకు అర మి.లీ. చాలు. కండకు చేయించొద్దు. ఒక్క డోసుతో ఆపేయడమే గజ్జి తిరగబెట్టడానికి పెద్ద కారణం. గుడ్ల నుంచి వచ్చే కొత్త పురుగుల కోసం 7–10 రోజులకు రెండో డోసు తప్పదు. బయటికి కనిపించని గొర్రెల మీదా పురుగు ఉంటుంది, మంద మొత్తానికీ వేయించండి. కొట్టంలో చెత్త కాల్చి, గోడలకు సున్నం కొట్టి, రెండు మూడు వారాలు ఖాళీగా ఉంచండి. మందు వేసిన గొర్రెను సీసా మీద రాసిన గడువు దాటేదాకా కోతకు ఇవ్వొద్దు.

పొట్టేలు మెదడులోని తిత్తి కుక్క బద్దెపురుగు పిల్లది. కుక్క పేడలోని గుడ్లు గడ్డితో పాటు గొర్రె కడుపులోకి వెళతాయి. తిత్తి ముదిరితే కపాలం ఒకచోట మెత్తబడుతుంది, అక్కడ ఆపరేషన్ చేసి తీయొచ్చు. మందులతో నయమవుతుందన్న నమ్మకం తక్కువ. మీ మంద కుక్కలకు ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున (20 కిలోల కుక్కకు 100 మి.గ్రా.) ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వేయండి. గొర్రె తలకాయలు కుక్కలకు వేసే అలవాటు మానకపోతే ఎన్ని మాత్రలు వేసినా దండగే.

సొంగ కారుతున్నా, అరుపు మారినా, ఇతర గొర్రెల మీద పడుతున్నా రేబిస్ అనుకుని చేతులు పెట్టకండి, వెంటనే డాక్టరును పిలవండి.

మాంసం సంగతి: స్క్రేపీ గొర్రె నుంచి మనుషులకు వచ్చినట్టు రుజువు లేదు. మనుషులకు సోకింది ఆవుల్లో వచ్చిన బీఎస్ఈ (పిచ్చి ఆవు జబ్బు). బ్రిటన్‌లో 1986లో దాన్ని గుర్తించారు. చచ్చిన పశువుల మాంసం, ఎముకల పొడిని ఆవుల దాణాలో కలపడమే దాని వ్యాప్తికి మూలం. మన దేశానికి బీఎస్ఈ విషయంలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఇచ్చింది అతి తక్కువ ముప్పు హోదా. అయినా చౌకగా వస్తుందని మాంసపు పొడి కలిసిన దాణా గొర్రెలకు, పశువులకు పెట్టకండి.

1961లో హిమాలయ పాదప్రాంతపు గొర్రెల్లో స్క్రేపీ ఉన్నట్టు ఒక నివేదిక వచ్చింది కాబట్టి మన దగ్గర అసలు రాదని కొట్టిపారేయలేం. పక్కా నిర్ధారణ మామూలుగా చచ్చాక మెదడు కాండం పరీక్షతో చేస్తారు. పొట్టేలు చనిపోతే మీరు తల పగలగొట్టకండి. అదే రోజు పశువైద్యుడికి చెబితే మెదడు నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. కళేబరాన్ని కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం వేసి పూడ్చండి.