కీ బొమ్మల పిచ్చి పట్టిన చిన్నాకి

చి. చిన్నాకి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడుపొక్కటే తక్కువ. "వాడు జుమ్మేరాత్ బజార్ నుంచి గోనెసంచీడు పాత రేకు బొమ్మలు మోసుకొచ్చాడక్కా. వెనక గది ఖాళీ చేయించాడు. శని ఆదివారాలు ఇక ఇదే పనట, బాగుచేసి అమ్ముతాడట" అని. "పోనీలేవే, పేకాట జోలికి పోలేదుగా" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకే నిద్ర పట్టలేదు. సగం టెన్షన్, సగం సంతోషం. మీ పెదనాన్న పోయాక ఆయన పనిముట్ల పెట్టె తెరిచే మనిషి మనింట్లో ఇక పుట్టడనుకున్నాను.

ఫోన్‌లో చెబుదామంటే రెండు నిమిషాలకే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ముందు ఆ వెనక గది తలుపుకి పైన, పాప చెయ్యి అందనంత ఎత్తులో ఒక గొళ్లెం బిగించు. మిగతాదేదీ చదవకపోయినా సరే, ఇది మాత్రం చెయ్యి. దానికి మూడేళ్లు. ఏది దొరికినా నోట్లోకే. ఆ బొమ్మల రంగుల్లో సీసం ఉందనే అనుకోవాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న రూలు మన దేశంలో అమలైందే 2017 నవంబరులో. నీ సంచీలోవి దానికి యాభై అరవై ఏళ్ల ముందువి. రంగు పెచ్చులూడుతున్న బొమ్మని గరుకు కాగితంతో రుద్దావంటే ఆ పొడి కంటికి కూడా కనబడదు. నేల మీద పడుతుంది, పాప అరచేతికి అంటుతుంది, అక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో నీకు చెప్పక్కర్లేదు. చిన్నపిల్లల ఒంటికి సీసం మనకన్నా తొందరగా పడుతుంది, దెబ్బ మెదడు మీద. పని చేసేటప్పుడు ఫ్యాను ఆపు. అయ్యాక చీపురు పట్టకు, తడిగుడ్డతో తుడువు. ఆ చొక్కాతో పాపని ఎత్తుకోకు.

రెండోది స్ప్రింగు. బొమ్మ కదలట్లేదంటే కీ అయిపోయిందని కాదు. చాలాసార్లు కీ నిండుగా ఇచ్చే ఉంటుంది, లోపల ఎక్కడో చక్రం పన్ను ఇరుక్కుని ఆగిపోయి ఉంటుంది. నువ్వు రేకు విప్పగానే ఆ చుట్ట అంతా ఒక్క ఊపున విడిపోతుంది. దాని అంచు బ్లేడుతో సమానం. విప్పే ముందు కీని గట్టిగా పట్టుకో. అది వెనక్కి తిరక్కుండా ఆపే చిన్న కొక్కెం ఉంటుంది, దాన్ని పక్కకి నొక్కి, కీని వేళ్ల మధ్య నుంచి కొంచెం కొంచెంగా వదులు. చవక మోటార్లలో ఆ కొక్కెం అందదు. అప్పుడు ఇరుక్కున్న చక్రాన్ని పుల్లతో కదిపి, బొమ్మ తిరిగి తిరిగి దానంతటది ఆగేదాకా ఉండు. నాకు కళ్లజోడు ఉందిగా అనకు. రాణిగంజ్‌లో పక్కలు కూడా మూసుండే గాగుల్స్ దొరుకుతాయి, అవి కొను. చిన్న చిన్న భాగాలు విప్పేటప్పుడు చేతులూ బొమ్మా లోపలిది కనబడే ఒక పెద్ద పాలిథీన్ కవర్లో పెట్టుకుని విప్పు. ఎగిరిందేదైనా కవర్లోనే పడుతుంది. లేదంటే పాపకి దొరుకుతుంది.

కొనడం గురించి నీకు నేను చెప్పేదేముంది, బేరంలో మీ తాత పోలిక. పెందలాడే వెళ్లు, టార్చి పట్టుకెళ్లు, కీ ఒక్క చుట్టు తిప్పి వదిలి చూడు, చాలు. అడుగున ఏం రాసుందో మాత్రం ప్రతిదానికీ చూడు. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే అది 1947కీ 1952కీ మధ్య ఓడెక్కిన సరుకు, యుద్ధంలో ఓడిన జపాన్ అమెరికా చేతిలో ఉన్న రోజులది. చైనా బొమ్మల మీద నంబరుకి ముందు అక్షరాలుంటాయి. ఎం.ఎస్. అంటే స్ప్రింగుది, ఎం.ఎఫ్. అంటే నేలకి రాసి వదిలితే పరిగెత్తేది, ఎం.ఇ. అంటే బ్యాటరీది. ఆ గెంతే కప్పల్ని ఇప్పటికీ కొత్తగా చేస్తున్నారు. వాటికే నాలుగు తుప్పు మరకలు పెట్టి "నిజాం కాలంది సాబ్" అంటే నవ్వేసి వచ్చెయ్. జర్మనీ పేర్లు, లేమాన్ అనో షూకో అనో కనబడితే నువ్వు విప్పకు, ముందు నాకు చూపించు. లేమాన్ 1881లో మొదలైన కంపెనీరా, అలాంటిది చేతికొస్తే తొందరపడకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

ఎనభైల్లో సికింద్రాబాద్‌లో మన గడియారాల రిపేరు దుకాణం బాగా నడుస్తున్న రోజులు. గడియారాల మధ్యలో అప్పుడప్పుడూ కీ బొమ్మలూ వచ్చేవి. ఒకాయన, రైల్వేలో చేసి రిటైరైన పెద్దమనిషి, పంచె కొంగులో చుట్టి ఒక జపాన్ బొమ్మ తెచ్చాడు. జానెడు కుర్రాడు, ఎర్రకోటు, మెడలో డ్రమ్ము. చేతులు ఆగిపోయాయి, మొహమంతా నూనె మురికి. "వాయించేలా చేస్తే చాలు" అన్నాడు. నాకు ఆ మాట బాగా గుర్తు, ఎందుకంటే రసీదు మీద రాసింది నేనే.

మీ పెదనాన్న మోటారు విప్పారు. చేతుల్ని ఆడించే చక్రం పళ్లు రెండు అరిగిపోయాయి. ఇత్తడి ముక్క అతికి, ఆకురాయితో రాత్రిళ్లు కూర్చుని పళ్లు దించారు. కీ ఇస్తే కుర్రాడు డ్రమ్ము వాయించాడు చూడు, రెండు వీధుల పిల్లలు మెట్ల మీద చేరారు. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! "మోటారు ఇంత బాగుంది, మొహం ఇలా ఉంటే ఏం బాగుంటుంది?" అన్నారు. సబ్బునీళ్లకి మురికి వదల్లేదు. పెట్రోలుతో గడియారాలు కడిగిన చెయ్యి కదా, దానితోనూ చూశారు, సరిగ్గా పోలేదు. పక్క వీధిలో సైన్‌బోర్డులు రాసే పెయింటర్ దగ్గర థిన్నర్ తెచ్చారు. దూదితో బుగ్గ మీద రుద్దితే దూది గులాబీ రంగుకి తిరిగింది. మురికి వస్తోందనుకుని ఇంకోసారి రుద్దారు. వచ్చింది మురికి కాదు, బుగ్గ. ఆ బొమ్మలకి రంగు బ్రష్షుతో వేసింది కాదురా, రేకు మీద అచ్చు గుద్దింది. పైన పల్చని వార్నిష్ పొర ఒక్కటే కాపలా. థిన్నర్ ముందు దాన్ని తింటుంది, తర్వాత మొహాన్ని.

అప్పుడైనా ఊరుకోవాలా! ఆ పెయింటర్నే పిలిచి మొత్తం కొత్తగా వేయించారు. అతను సినిమా హోర్డింగులు వేసిన మనిషి. ఎనామిల్ రంగు నిగనిగలాడేలా వేసి, కుర్రాడికి కాటుక పెట్టినట్టు ఇంతింత కళ్లు దించాడు. హీరోలా ఉన్నాడు. మీ పెదనాన్న మురిసిపోయి అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టారు.

పెద్దమనిషి వచ్చాడు. కీ ఇచ్చి చూపిస్తే వినలేదు. బొమ్మని తిరగేసి, వీపు మీద బొటనవేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇక్కడ మా తమ్ముడు మేకుతో గీసిన 'రా' ఉండాలండీ" అన్నాడు. మేకు గీతలో తుప్పు పట్టి ఉంటే పెయింటర్ దాన్ని గీకి, లప్పం పెట్టి, నున్నగా చేసి ఎర్రరంగు వేశాడు. తమ్ముడు ఉన్నాడో లేడో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. రసీదులో ఉన్న డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. మీ పెదనాన్న వద్దంటున్నా కౌంటర్ మీద పెట్టి, బొమ్మని పంచె కొంగులో చుట్టుకుని వెళ్లిపోయాడు. అంతకు ముందు వాచీకి, గోడ గడియారానికి మా దగ్గరికే వచ్చేవాడు. మళ్లీ రాలేదు. అంత కష్టపడి దించిన ఆ పళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత మీ పెదనాన్న మోటారు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. "మొహం ఇలాగే ఇచ్చారేంటండీ, ఇదేం రిపేరు" అని గిరాకీలు తిట్టినా పడ్డారు. నువ్వూ పడాల్సి వస్తుంది. కొత్తదానిలా మెరిపించమని అడిగేవాళ్లే ఎక్కువ. వాళ్లకి బేగంబజార్‌లో కొత్తవి దొరుకుతాయని చెప్పు.

మొహం తుడవక తప్పదనిపిస్తే దూదిపుల్లని నీళ్లలో ముంచి పిండి, ముందు అడుగు భాగంలో, ఎవరూ చూడని మూల రాసి చూడు. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపెయ్. ఇత్తడి చెంబులకి పనికొచ్చిందని చింతపండూ కుంకుడు రసమూ పట్టుకురాకు, మీ అమ్మ తప్పకుండా సలహా ఇస్తుంది. తగరం పూసిన ఇనుప రేకు అది. పూత పోయి గీత పడిన చోట పులుపు తగిలితే తుప్పు పరిగెత్తుకొస్తుంది.

రేకు రెండు ముక్కల్నీ పట్టి ఉంచే చిన్న చెవులుంటాయి చూడు, వాటిని వంచే పని మన దుకాణంలో నాదే. ఆయన చెయ్యి మొరటు. ఒకసారి తెరిచి, ఒకసారి మూస్తే చెవి నిలుస్తుంది. నాలుగోసారికి విరుగుతుంది. కాబట్టి లోపల ఏముందో చూద్దామని సరదాకి విప్పకు. చెవి దగ్గర రంగు చిట్లి తెల్లగీత ఉంటే నీకన్నా ముందు ఎవరో విప్పారని అర్థం, బేరంలో ఆ మాట ఎత్తు.

కొబ్బరినూనె పొయ్యకు. 24 డిగ్రీలకే గడ్డకట్టే నూనె అది, డిసెంబరులో సీసాలో చూడటంలా? ఎండాకాలంలో జిగురై దుమ్ము పట్టుకుంటుంది. గడియారాల నూనె సూదిమొనతో ఇరుసు దగ్గర ఒక్క చుక్క, అంతే. సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్ తలలున్న బొమ్మల్ని సోల్డరింగ్ దగ్గరికి రానివ్వకు, భగ్గుమంటాయి. పాడవడం మొదలైతే వాటి ఆవిరి పక్కనున్న రేకుని కూడా తింటుంది, వేరే చోట ఉంచు. వానాకాలం డబ్బాల్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. ఆ పొట్లాలు కూడా పాపకి అందకూడదు.

అమ్మకం నాకు అంతగా తెలియదు, కానీ రెండు చట్టాలు తెలుసు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. నీవి పిల్లల కోసం కాదని రాసిచ్చి, దాచుకునేవాళ్లకే అమ్ము. వందేళ్లు దాటిన వస్తువుని దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. లివర్‌పూల్‌లో హార్న్‌బీ కీ రైళ్లు మొదలైంది 1920లో, అంటే మొదటివాటికి వందేళ్లు నిండిపోయాయి. ఏటా ఇంకొన్ని ఆ గీత దాటుతాయి. అమెరికా వాడు డాలర్లు ఇస్తానన్నాడని పార్సిల్ కట్టేముందు వయసు లెక్కపెట్టుకో.

ఒకరోజు సెలవు పెట్టి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లు, శుక్రవారం తప్ప. గడియారంలోంచి గడ్డం మనిషి వచ్చి గంట కొట్టేటప్పుడు అందరూ అతణ్ణే చూస్తారు. జనం వెళ్లిపోయాక కూడా నువ్వు కాసేపు నిలబడు, క్షణానికో దెబ్బ వేసే కమ్మరిని చూడు. నిన్ను చిన్నప్పుడు తీసుకెళ్తే నువ్వు చూసింది అతణ్ణే, మీ పెదనాన్న నీ చెయ్యి పట్టుకుని లాగితేగానీ కదల్లేదు. నుమాయిష్‌లో కొనిచ్చిన దీపం పడవ సంగతీ అంతే. బేసిన్‌లో టపటపమని తిరుగుతుంటే మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. నువ్వు మర్నాటికి దాన్ని కత్తెరతో కోసి, ఇంజను ఎక్కడ అని ఏడ్చావు. దీపం వేడికి పల్చటి రేకు డబ్బాలో నీళ్లు ఆవిరై బయటికి తన్నుతాయి, చల్లారి మళ్లీ లోపలికి వస్తాయి, అంతకు మించి ఇంజనేమీ లేదని ఆయన ఎంత చెప్పినా నమ్మలేదు. మీ అమ్మ నీ వీపు మీద ఒక్కటి వేసింది. ఆయన మాత్రం ఆ రాత్రి నాతో, "వీడికి విప్పే చెయ్యి ఉందే" అన్నారు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

వచ్చే ఆదివారం భోజనానికి రా. పెట్టె తీసి తుడిచి ఉంచుతాను. అందులో కీల గుత్తి ఉంది, దారానికి గుచ్చి. ఏది ఏ బొమ్మకి పడుతుందో వాటి మీద ఎక్కడా రాసి లేదు, నాకు తెలుసంతే. చిన్న చీటీలు తెచ్చుకుని కూర్చో, ఒక్కొక్కటే చెబుతాను, రాసి కట్టుకో. నాకు కూడా ఈ మధ్య కొన్ని తడబడుతున్నాయి, ఇంకో ఏడాదని వాయిదా వెయ్యకు. సంచీలోంచి నీకు అన్నిటికన్నా నచ్చిన బొమ్మ తీసుకురా, ఇద్దరం కలిసి విప్పుదాం. ఆ సంచీ ఎంతకి కొన్నావో మీ అమ్మకి చెప్పకు. నాకు చెప్పు.

ఇట్లు
పెద్దమ్మ