సేవా కేంద్రం కంప్యూటర్‌కు ఏ ఫైర్‌వాల్ పెట్టాలె?

సిరొంచ

అల్లుడికి, మామ ఆశీస్సులు.

యాంటీవైరస్ కొన్నవు, ఇక దాని పక్కన ఏ ఫైర్‌వాల్ (నెట్ గుండా కంప్యూటర్‌కు వచ్చిపొయ్యేదాన్ని చూసే కాపలా) పెట్టుమంటవని అడిగినవు. నీది ఇంట్ల కంప్యూటర్ అయితే ఒక్క ముక్కల చెప్పేటోణ్ని. నువ్వు నడిపేది సేవా కేంద్రం. సాత్‌బారా (పొలం కాగితం) కోసమని ఒకరు, ఆదాయం దాఖలాకని ఒకరు, వేలిముద్ర పెట్టి పైసలు తీసుకుందామని ఇంకొకరు వస్తరు. అంకీస, ఆసరెల్లి నుంచి బస్సెక్కి వచ్చినోళ్లను ‘నెట్ పట్టుకుంటలేదు, రేపు రండి’ అని పంపలేవు. అందుకే నీ యాంటీవైరస్‌తోటి, వేలిముద్ర మిషన్‌తోటి తగువు లేని ఫైర్‌వాల్ చూసుకో. ఎంత గట్టిది అన్న ముచ్చట తర్వాత.

కొనేముందు నీ దగ్గర ఏమున్నదో చూడు. విండోస్ సెక్యూరిటీ తెరువు, కింద సెట్టింగ్స్ గుర్తు నొక్కు, మేనేజ్ ప్రొవైడర్స్ అని ఉంటది. ఆ పేజీల యాంటీవైరస్ ఎవరిది, ఫైర్‌వాల్ ఎవరిది అని పేర్లతో సహా ఉంటది. ‘ఇంటర్నెట్ సెక్యూరిటీ’, ‘టోటల్ సెక్యూరిటీ’ అని అమ్మే డబ్బాలల్ల చాలామట్టుకు ఫైర్‌వాల్ కూడా కలిపే ఇస్తరు. నీది అసొంటిదైతే ఇంకోటి కొనుడు దండుగ. ఉత్త యాంటీవైరస్ అయితే అక్కడ విండోస్ ఫైర్‌వాల్ పేరు కనబడాలె.

ఒకే ఒరల రెండు కత్తులు ఇమడవు. బయటి యాంటీవైరస్ పెడితే విండోస్ డిఫెండర్ తనంతట తాను పక్కకు జరుగుతది, అది మంచిదే. కానీ బయటివే రెండు పెడితే ఏదీ పక్కకు తప్పుకోదు, రెండూ కొట్లాడుకుంటయి. ఫైర్‌వాల్‌కూ ఇదే లెక్క. లాప్‌టాప్ కొన్నప్పుడు దుకాణపోడు వేసిచ్చిన ట్రయల్ యాంటీవైరస్ ఉంటే ముందు దాన్ని తీసెయ్యి. మామూలుగ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాని నెట్‌వర్క్ డ్రైవర్ (నెట్ రాకపోకల మధ్యల కూర్చునే లోపలి ప్రోగ్రామ్) ముక్కలు మిగులుతుంటయి, అవి కొత్తదానికి అడ్డం పడతయి. ఆ కంపెనీవాళ్లే ఇచ్చే రిమూవల్ టూల్‌తోటి తుడిచి రీస్టార్ట్ చెయ్యి.

నన్నడిగితే విండోస్ ఫైర్‌వాలే ఉంచు. విండోస్ ఎక్స్‌పీకి 2004ల సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి అది విండోస్‌తోటే ఆన్ అయి వస్తున్నది. అప్పుడు బయటి నుంచి లోపలికి వచ్చేదాన్నే ఆపేది. దాని తర్వాతి విండోస్ విస్టా వచ్చినప్పటి సంది, లోపలి నుంచి బయటికి పొయ్యేదాన్ని కూడా ఆపగలదు, కాకపోతే మనం రూల్ రాస్తేనే. రాయకుంటే పొయ్యేటియన్నీ పోనిస్తది. జనం బయటి ఫైర్‌వాల్ కోసం వెతికేది ఈ ఒక్క కొరత కోసమే. నీకూ అది కావాలనిపిస్తే టైనీవాల్ లాంటిది చూడు. అది సొంత డ్రైవర్ వెయ్యదు, విండోస్‌ల ఉన్న వడపోతనే వాడుకుంటది, అందుకే యాంటీవైరస్‌తోటి గొడవ తక్కువ. నువ్వు ఒప్పుకున్న ప్రోగ్రామ్‌లనే బయటికి పోనిస్తది, మాటిమాటికి ప్రశ్న పెట్టెలు చూపించదు.

ఈ ప్రశ్నల సంగతి చిన్నదనుకోకు. కొన్ని ఫైర్‌వాల్‌లు ప్రతిదానికీ ‘అలో చెయ్యాల్నా, బ్లాక్ చెయ్యాల్నా’ అని అడుగుతయి. ముందట పదిమంది నిలబడ్డప్పుడు నీ దగ్గర పనిచేసే పిలగాడు అది చదువుతడా? అలో, అలో అని కొట్టుకుంట పోతడు. రెండు రోజులైతే ఆ ఫైర్‌వాల్ ఉండి లేనట్టే. పిలగాడికి అడ్మిన్ లేని వేరే అకౌంట్ చేసియ్యి, సెట్టింగులు మార్చే తోవే ఉండదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. కొన్ని యాంటీవైరస్‌లు నువ్వు తెరిచే వెబ్‌సైట్‌లను తమ గుండా మళ్లించి పరీక్ష చేస్తయి. అప్పుడు ఫైర్‌వాల్‌కు క్రోమ్ కనబడదు, యాంటీవైరస్ సర్వీసే కనబడుతది. క్రోమ్‌కు రాసిన రూల్ ఉత్తదైపోతది. బయటి ఫైర్‌వాల్ కొనేముందు నీ యాంటీవైరస్ పేరు చెప్పి, రెండూ కలిసి నడుస్తయా అని రెండు కంపెనీల సాయం పేజీలు చూడు.

వేలిముద్ర మిషన్ దగ్గర ఎక్కువ జాగ్రత్త. దాని ఆర్‌డీ సర్వీస్ (మిషన్ నుంచి వేలిముద్రను పోర్టల్‌కు అందించే ప్రోగ్రామ్) నీ కంప్యూటర్‌లనే, 127.0.0.1 చిరునామా మీద, 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్ట్‌లల్ల (నెంబర్లున్న తలుపుల అసొంటియి) ఒకదాంట్ల కూర్చుంటది. పోర్టల్ బ్రౌజర్ నుంచి దాన్ని అక్కడ పలకరిస్తది. మరీ చాదస్తపు ఫైర్‌వాల్ అయితే ఈ ఇంటిలోపలి మాటను కూడా ఆపుతది. మిషన్ లైట్ వెలుగుతది, స్క్రీన్ మీద డివైస్ దొరకలేదని వస్తది, నువ్వేమో కేబుల్ పీకి మళ్ల పెడుతుంటవు. ఆ సర్వీసుకు, ఆ పోర్ట్‌లకు లోపల్లోపలే అనుమతి ఇయ్యి, బయటి నుంచి అక్కర లేదు.

ప్రింటర్ రెండో కంప్యూటర్‌కు షేర్ చేసినవు కదా, నెట్ లైన్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టినప్పుడల్లా ప్రింటర్ మాయమైతున్నదంటే అది ఫైర్‌వాల్ తప్పు కాదు. విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను పబ్లిక్ కింద లెక్కేసి షేరింగ్ మూసేస్తది. ఆ హాట్‌స్పాట్ నీదే, దాని మీద నీ మిషన్‌లే ఉన్నయంటే ప్రైవేట్ అని మార్చు. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసుడు మాత్రం వద్దు. 2017 మేల వాన్నాక్రై (ఫైళ్లకు తాళమేసి పైసలడిగే వైరస్) షేరింగ్ వాడే 445 పోర్ట్ గుండానే ఒక మిషన్ నుంచి ఇంకోదానికి పాకింది. దానికి మందు అప్‌డేట్ రూపంల మార్చిలనే వచ్చింది, వేసుకోనోళ్లే మునిగిన్రు. నీ డ్రైవ్‌ల జనం ఆధార్ నకళ్లున్నయి, ప్రింటర్ ఒక్కటే షేర్ చెయ్యి, డ్రైవ్ చెయ్యకు. వైఫై పాస్‌వర్డ్ అడిగినోళ్లకు రూటర్‌ల గెస్ట్ నెట్‌వర్క్ చేసి అదియ్యి.

పాత మిషన్ ఇంకా విండోస్ 10 మీదనే ఉన్నదన్నవు. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోటి ఆగింది. ఫైర్‌వాల్ మీద పెట్టే పైసలు ముందు దాని మీద పెట్టు.

ఏది మార్చినా అంగడి రోజు మార్చకు. రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే పాత సెట్టింగులకు తిరిగి పొయ్యే గుర్తు) చేసుకొని పెట్టు, రీస్టార్ట్ చెయ్యి, వేలిముద్ర, రెండో మిషన్ నుంచి ప్రింట్, పోర్టల్ లాగిన్ మూడూ చూసుకో. ఇక నీ యాంటీవైరస్‌వాళ్లు ‘ఇంకొంచెం కడితే ఫైర్‌వాల్ కూడా’ అని ఫోన్ చేస్తరు. వాళ్లకు పైసలు కట్టకముందే ఆ మేనేజ్ ప్రొవైడర్స్ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ మామ