నేలలో పదునున్నా కంది ఎందుకు ఎండుతోంది?

ప్రశ్న: నమస్తే సార్. మాది తాండూరు దగ్గర పల్లె. నాలుగెకరాల నల్లరేగడిలో జూన్ ఆఖర్లో కంది వేశాను. మూడేళ్లుగా ఆ చేలో కందే వేస్తున్నా. విత్తనం ఎనిమిదేళ్ల కింద తెచ్చిన ఆశ రకం, అప్పటి నుంచి ఇంట్లో ఉంచుకుంటున్నదే. ఇప్పుడు పూత మీదుంది. నిన్న పచ్చగా ఉన్న మొక్క రెండు రోజుల్లో వాలిపోతోంది. నేలలో పదును ఉంది. ఇంకొన్ని మొక్కలు గుబురుగా పెరిగాయి గానీ ఒక్క పువ్వూ లేదు. కొమ్మల చివర గూళ్లు కూడా కనిపిస్తున్నాయి. దుకాణంలో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టాను, తగ్గలేదు. ఆశ రకానికి ఎండు తెగులు రాదంటారు కదా? వచ్చే ఏడాది ఈ చేలో శనగ వేస్తే దానికీ ఇదే వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ఫోన్‌లో పంపిన ఫోటోలు చూసి ఏమీ తేల్చలేకపోయాను. ఏ కారణంతో వాడిపోయినా మొక్క ఫోటోలో ఒకేలా కనిపిస్తుంది. అందుకే వేర్లతో సహా పీకి తెమ్మన్నాను. మీరు గోనెసంచిలో చుట్టుకొని, చేవెళ్ల మీదుగా రాజేంద్రనగర్ దాకా మోసుకొచ్చారు. ఆ శ్రమ ఊరికే పోలేదు. మీ సంచిలో ఒకటి కాదు, రెండు తెగుళ్లున్నాయి. పూత మీద పురుగు వేరే. ఈ మూడింటికీ కలిపి ఒకే మందు కొట్టారు, అందుకే పని చేయలేదు.

ముందు ఎండుతున్న మొక్క సంగతి. మనిద్దరం బల్ల మీద పెట్టి చూసినప్పుడు కాండం మొదలు నుంచి పైకి జానెడు మేర ఊదారంగు చార కనిపించింది, గుర్తుందా? చార ఉన్న వైపు కొమ్మలు వాలిపోయాయి, రెండో వైపు కొమ్మలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. చాకుతో నిలువునా చీల్చితే లోపల తెల్లగా ఉండాల్సిన కట్టె మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీతలు. ఇది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు. ఇంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు. మీ చేలో అనుమానం వచ్చిన మొక్కనల్లా చీల్చి చూసుకోండి.

ఈ శిలీంధ్రం ఆకు మీద ఉండదు, నేలలో ఉంటుంది. వేరు గుండా లోపలికి వెళ్లి, నీళ్లు పైకి తీసుకెళ్లే గొట్టాలను మూసేస్తుంది. నేల తడిగా ఉన్నా మొక్కకు తాగే దారి ఉండదు. పూత, కాయ దశలో మొక్కకు నీటి అవసరం పెరుగుతుంది కాబట్టి అప్పుడే ఒక్కసారిగా వాలిపోతుంది. ఆకుల మీద ఎంత ఖరీదైన మందు కొట్టినా ఆ గొట్టాల దాకా చేరదు. ఎండిన మొక్కను బతికించే మందు నా దగ్గరా లేదు, ఎవరి దగ్గరా లేదు. ఎవరైనా ఉందని చెబితే డబ్బులు ఇవ్వకండి.

వానలు ఎక్కువైనప్పుడు, నీళ్లు నిలిచిన చోట, నెలా రెండు నెలల లేత మొక్కలు గుంపులుగా చచ్చిపోతే మాత్రం అది ఫైటోఫ్తోరా అనే మరో తెగులు. దానిలో కాండం మీద గోధుమరంగు మచ్చ లోపలికి కుంగి, అక్కడే విరుగుతుంది. మీది అది కాదు.

ఇక ఆశ సంగతి. ఆశ అంటే ఐసీపీఎల్ 87119. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి 1993లో విడుదలైంది. ఎండు తెగులునూ, మొక్క గుబురుగా పెరిగి పూత రాని వెర్రి తెగులునూ రెండింటినీ తట్టుకునే రకమని దానికి పేరు. అంతకుముందు 1986లో వచ్చిన మారుతి ఎండు తెగులును బాగా తట్టుకునేది గానీ వెర్రి తెగులుకు లొంగిపోయేది. కాబట్టి మీరు విన్నది నిజమే. తేడా వచ్చింది మీ ఇంటి విత్తనంలో. కంది పువ్వు మీద తేనెటీగలు వాలుతూనే ఉంటాయి, పక్క చేలోని పుప్పొడి మీ చేలోకి వస్తుంది. చుట్టుపక్కల తెగులు తట్టుకోని రకాలుంటే ఏటేటా ఆ గుణం మీ గింజలో కలుస్తుంది. ఎనిమిదేళ్లలో మీ సంచి మీద పేరు ఆశే ఉంది, లోపలి గింజ సగం వేరేదైపోయి ఉండొచ్చు. ఒకే చేలో, ఒకే నేలలో పక్కపక్క మొక్కల్లో ఒకటి ఎండి ఒకటి నిలబడటానికి ఇదీ ఒక కారణం. మూడు నాలుగేళ్లకోసారి నమ్మకమైన చోట కొత్త విత్తనం తెచ్చుకోవాల్సిందే. ఇది నేను ప్రతి రైతు సదస్సులో చెబుతాను, చాలామంది నవ్వి ఊరుకుంటారు. మీరు అలా చేయరని నమ్ముతున్నా.

పూత లేని గుబురు మొక్కలది వెర్రి తెగులు. గొడ్డుమోతు తెగులు అనీ అంటారు. ఆకులు చిన్నవై, లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ మచ్చలుగా కలగలిసి ఉంటాయి. ఇది వైరస్ వల్ల వస్తుంది. దాన్ని మోసుకొచ్చేది ఎరియోఫిడ్ నల్లి. మైక్రోస్కోప్ కింద ఆకు అడుగుభాగం చూపించినప్పుడు మీరు "ఇవి కదులుతున్నాయి సార్" అన్నారే, అవే. కంటికి ఆనవు, గాలిలో కొట్టుకొస్తాయి. విత్తిన నెలా నెలన్నరలోపు సోకితే ఆ మొక్క నుంచి గింజ రాదనే అనుకోవాలి. బలం మందులు, టానిక్‌లు పోసినా పూత రాదు. వాటిని ఇప్పుడే పీకి చేను బయట కాల్చేయండి, పక్క మొక్కలకు అంటకుండా. ఆ చుట్టూ ఉన్న మొక్కల మీద నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వారం తర్వాత మరోసారి. అలాగే గట్ల మీద, పెరట్లో రెండు మూడేళ్లుగా నిలబడిన పాత కంది చెట్లుంటే తీసేయండి. వేసవిలో ఆ నల్లి వాటి మీదే దాక్కుంటుంది.

గూళ్లు కట్టేది మారుకా మచ్చల పురుగు. ఒక గూడు విప్పి చూడండి. మొగ్గలు, పూలు, లేత ఆకులు పట్టుదారంతో కుట్టినట్టు ఉంటాయి, మధ్యలో ఒంటి మీద నల్లచుక్కలున్న తెల్లటి పురుగు, దాని చుట్టూ రెట్ట. గూడు కట్టాక మందు లోపలికి చేరడం కష్టం. అందుకే మొగ్గ దశలోనే 5 శాతం వేపగింజల కషాయం కొట్టాలి. మీకు ఆ దశ దాటింది కాబట్టి చేతికి అందే గూళ్లను తుంచి నాశనం చేసి, మిగతా పంట మీద స్పినోసాడ్ గానీ క్లోరాంట్రానిలిప్రోల్ గానీ లీటరు నీటికి 0.3 మి.లీ. కలిపి పిచికారీ చేయండి. రెండూ కలపొద్దు, ఏదో ఒకటే. తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం పూట కొట్టండి. కాయలు తొలిచే శనగపచ్చ పురుగు కోసం ఎకరాకు ఇరవై దాకా పక్షి స్థావరాలు, అంటే పక్షులు వాలే కర్రలు, పాతితే కొంత పని కాకులు, గోరింకలు చేసిపెడతాయి. కాయలో గింజ కట్టేటప్పుడు కాయ ఈగను కూడా చూసుకోవాలి. బయటికి ఏమీ కనిపించదు, కాయ వలిచి చూస్తేనే తెలుస్తుంది.

శనగ గురించి అడిగారు. కందిని ఎండబెట్టే శిలీంధ్రం, శనగను ఎండబెట్టే శిలీంధ్రం రెండూ ఫ్యుజేరియమే గానీ ఒకటి కావు. కంది ఎండు తెగులు శనగకు రాదు. అయినా ఆ చేలో వెంటనే శనగ వేయమని నేను చెప్పను. వేరుకుళ్లు తెగులు రెండింటికీ వస్తుంది, శనగపచ్చ పురుగు రెండింటినీ తింటుంది. జొన్న వేయండి. కనీసం మూడేళ్లు ఆ చేలో కంది పెట్టొద్దు, ఎందుకంటే ఎండిన కొయ్యల్లో ఈ శిలీంధ్రం అంతకాలం బతికే ఉంటుంది. పూర్తిగా కంది మానలేకపోతే జొన్నతో కలిపి సాళ్లుగా వేయండి. జొన్న సాళ్ల పక్కన ఎండు తెగులు తగ్గడం మేం చూస్తూనే ఉన్నాం.

తిరిగి కంది వేసే ఏడాది, తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడిని 2 కిలోలు తీసుకొని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు మాగబెట్టండి. ఇది ఎకరానికి సరిపోతుంది. నేల పదునుగా ఉన్నప్పుడే చల్లాలి. విత్తనానికి కూడా కిలోకు 10 గ్రాములు పట్టించండి.

ఇప్పుడు ఎండిన మొక్కలను కోత దాకా అలాగే వదలకండి, వేరుతో సహా పీకి కాల్చండి. పీకిన ప్రతి చోటా ఓ కర్ర పాతి గుర్తు పెట్టుకోండి. దున్నేటప్పుడు కూడా ఆ కర్రలు ఊడిపోకుండా చూడండి, ట్రైకోడెర్మా చల్లేటప్పుడు ఆ చోట్ల రెండింతలు వేయాలి.