కార్ ముందద్దం మార్చడానికి ఒక్కొక్కళ్ళు ఒక్కో రేటు ఎందుకు చెప్తున్నారు?

మీరు అడిగింది ఏంటంటే రాయి తగిలి ముందద్దం చీలింది, బయట షాపులో 5500 అన్నారు, షోరూమ్‌లో 13 వేలు దాటుతుంది అన్నారు, ఇంత తేడా ఎందుకు, ఇన్సూరెన్స్‌లో పెట్టాలా చేతి డబ్బులతో చేయించుకోవాలా అని. నేను విజయవాడలో ఉంటానండి, ఒకే కార్‌కి రెండుసార్లు అద్దం మార్పించా, రెండోసారి మార్పించాల్సి రావడానికి కారణం మొదటిసారి చేసిన పనే, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

2019 మే నెల, హైదరాబాద్ నుంచి వస్తున్నాం, సూర్యాపేట దాటాక ముందు ఒక కంకర టిప్పర్ వెళ్తోంది, పైన పట్టా కూడా కప్పలేదు, ఓవర్‌టేక్ చేద్దామని దగ్గరికి వెళ్ళేసరికి టప్ మని తగిలింది. చూస్తే శనగ గింజంత చుక్క, ఎడమవైపు, మా ఆవిడ కూర్చున్న సీటు ముందు. ఇంతే కదా అని వదిలేశా. సుమారు మూడు వారాలు అలాగే తిరిగా. ఒకరోజు మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర మూడు గంటలు ఎండలో పెట్టిన కార్ తీసి ఏసీ ఫుల్ పెట్టా, గాలి అద్దం మీదకి వచ్చే మోడ్‌లో ఉంది, రెండు నిమిషాలు కాలేదు, టిక్ అని చిన్న సౌండ్ వచ్చి నా కళ్ళముందే ఆ చుక్క నుంచి గీత మొదలై అద్దం మధ్య దాకా పాకింది. బయట అద్దం కాలిపోతుంటే లోపల చల్లగాలి తగిలేసరికి ఆ చిన్న దెబ్బ దగ్గర లాగుడు పుట్టి చీలిపోతుందన్నమాట. మన ఎండల్లో ఇది చాలామందికి జరుగుతుంది.

అందుకే ముందుగా ఒక మాట, మీరు కాకపోయినా ఇది చదివేవాళ్ళకి: చుక్కగా ఉన్నప్పుడే వెళ్తే అద్దం మార్చే పనే ఉండదు. ముందద్దం అంటే ఒక గాజు కాదు, రెండు గాజు పలకలు, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, లామినేటెడ్ అంటారు. పక్క అద్దాలు టఫెన్డ్, అవి పగిలితే గులకరాళ్ళలా రాలిపోతాయి, ముందుది మాత్రం పగిలినా పొరకి అతుక్కుని ఉంటుంది. చిన్న రాయి తగిలితే మామూలుగా బయట పలక ఒక్కటే దెబ్బతింటుంది, లోపల వైపు గోరుతో గీకి చూడండి, నున్నగా ఉంటే లోపలి పలక బాగున్నట్టే. అప్పుడు ఆ గుంటలో గాలి లాగేసి రెజిన్ అనే పారదర్శకమైన జిగురు ఎక్కించి యూవీ లైట్ పెట్టి గట్టిపరుస్తారు, అద్దం మార్చడంతో పోలిస్తే చాలా తక్కువలో అయిపోతుంది, చిన్న మచ్చ మిగులుతుంది అంతే. రూపాయి బిళ్ళ కంటే పెద్దదైనా, అంచు దగ్గరున్నా, డ్రైవర్ చూపుకి ఎదురుగా ఉన్నా రిపేర్‌కి పనికిరాదు. షాపుకి వెళ్ళేదాకా దాని మీద ఒక ట్రాన్స్‌పరెంట్ టేప్ ముక్క అంటించి ఉంచండి, దుమ్ము నీళ్ళు లోపలికి పోతే రెజిన్ సరిగ్గా పట్టదు. మీది చీలిక అన్నారు కాబట్టి మార్చాల్సిందే.

ఇప్పుడు రేట్ల సంగతి. నేను అప్పుడు నాలుగు చోట్ల అడిగితే 4500 నుంచి 9000 దాకా చెప్పారు, నాది మామూలు హ్యాచ్‌బ్యాక్, అద్దానికి సెన్సార్లు గిన్సార్లు ఏమీ లేవు. నేను 4500 వాళ్ళ దగ్గరికే వెళ్ళా. గంటన్నరలో బిగించేసి ఇప్పుడే తీస్కెళ్ళొచ్చు సార్ అన్నారు, తీస్కెళ్ళిపోయా. జులైలో వానలు మొదలయ్యాక ఎడమవైపు కింద మ్యాట్ తడిసి ఉండేది, ఏసీ నీళ్ళేమో అనుకున్నాం, తర్వాత కార్ డోర్ తీస్తే ముక్క వాసన, హైవే మీద 80 దాటితే ముందద్దం పక్కనుండే పిల్లర్ దగ్గర ఈల వేసినట్టు సౌండ్. రెండేళ్ళు అలాగే భరించి చివరికి ఇంకోచోట చూపిస్తే ఆ టెక్నీషియన్ అద్దం పక్కన రబ్బరు బీడింగ్ లాగి నన్ను పిలిచి చూపించాడు. అద్దం కూర్చునే రేకు అంచు మీద పెయింట్ మొత్తం కట్టర్‌తో గీసేసి ఉంది, దాని మీద ప్రైమర్, అంటే తుప్పు పట్టకుండా, గమ్ గట్టిగా పట్టేలా ముందు వేసే పూత, వెయ్యలేదు, పాత గమ్‌ని సమంగా కొయ్యకుండా దాని మీదే కొత్త గమ్ పెట్టేశారు, అదీ రెండు చోట్ల తెగిపోయి ఉంది, ఆ సందులో ఎర్రగా తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. వేలు పెడితే రాలింది. ఆ తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, ఆరబెట్టి, తీసేటప్పుడు పాత అద్దం మూల పగిలింది కాబట్టి మళ్ళీ కొత్త అద్దం వేసి, మొత్తం 11 వేలు పైనే అయ్యింది. మొదట్లో 9000 ఇచ్చి చేయించుకుని ఉంటే సరిపోయేది.

కాబట్టి మీకు 5500 చెప్పిన ఆయన్ని అద్దం గురించి కంటే ముందు గమ్ గురించి అడగండి. ఏ కంపెనీ పాలియురేథేన్ గమ్ వాడతారు, ఎక్స్‌పైరీ డేట్ చూపిస్తారా, ప్రైమర్ వేస్తారా, బిగించాక ఎన్ని గంటలు కార్ కదపకూడదు అని. కదపకూడని టైమ్ గమ్‌ని బట్టి మారుతుంది, గంట చాలేవి ఉన్నాయి, నాలుగైదు గంటలు ఉంచాల్సినవీ ఉన్నాయి, ఆ ట్యూబ్ మీదే రాసి ఉంటుంది. ఏం పర్లేదు వెంటనే వెళ్ళిపోండి అన్నారంటే అక్కడ వద్దు. మామూలు సిలికాన్ సీలెంట్ పెట్టేవాళ్ళూ ఉన్నారు, అది బాత్రూమ్ అద్దాలకి పెట్టేది, కార్‌కి పెట్టకూడదు. ఇది నీళ్ళు కారే విషయం ఒక్కటే కాదండి, యాక్సిడెంట్ అయితే పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో తెరుచుకుంటూ ఈ ముందద్దాన్ని ఆనుకునే మనిషి వైపు వస్తుంది, గమ్ వదిలేస్తే అద్దం బయటికి ఎగిరిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ ఉండీ లేనట్టే. కార్ పల్టీ కొడితే రూఫ్ నలగకుండా కొంత ఆపేదీ ఈ అద్దమే. నేను రెండేళ్ళు ఆ తెగిన గమ్‌తో మా ఆవిడని, పాపని ఎక్కించుకుని తిరిగానని ఇప్పటికీ గుర్తొస్తే గుండె ఝల్లుమంటుంది.

అద్దం విషయానికొస్తే, కింద మూలలో మార్కింగ్ ఉంటుంది చూడండి, మన దేశంలో అమ్మే అద్దం మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 2553 అనే నంబర్ ఉండాలి. ఎక్కువ కార్లకి కంపెనీ నుంచే ఏఐఎస్ లేదా సెయింట్ గోబెన్ అనే కంపెనీల అద్దాలు వస్తాయి, అదే తయారీ అద్దం కార్ కంపెనీ లోగో లేకుండా బయట కూడా దొరుకుతుంది, తక్కువకే వస్తుంది, నేను రెండోసారి వేయించింది అదే, ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. అసలు మార్కింగే లేని అద్దం, రాత్రి ఎదురు లైట్లు పడితే రెండేసి కనిపించే అద్దం మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. బిగించకముందే అద్దాన్ని వెలుతురులో పెట్టించి ఏటవాలుగా చూడండి, అవతల కరెంటు స్తంభం వంకరగా కనిపిస్తే వెనక్కి పంపించండి.

ఇక షోరూమ్‌లో 13 వేలు ఎందుకు అన్నారో తెలియాలంటే మీ కార్ వేరియంట్ చూడాలి. అదే మోడల్‌లో బేస్ వేరియంట్ అద్దం వేరు, టాప్ వేరియంట్ అద్దం వేరు. రెయిన్ సెన్సార్ ఉంటే దానికి జెల్ ప్యాడ్, బ్రాకెట్ ఉన్న అద్దం కావాలి, సౌండ్ తగ్గించే అకౌస్టిక్ పొర ఉన్నది, వేడి ఆపేది, పైన గ్రీన్ షేడ్ ఉన్నది, ఒక్కోదానికి ఒక్కో రేటు. మిర్రర్ వెనకాల కెమెరా ఉంటే, అంటే ఎడాస్ (లేన్ చూసి, అవసరమైతే తనే బ్రేక్ వేసే సిస్టమ్) ఉన్న కార్ అయితే, అద్దం మార్చాక ఆ కెమెరాని కాలిబ్రేట్ చెయ్యాలి, అంటే దాని చూపు మళ్ళీ సరిచెయ్యాలి, కార్ ముందు టార్గెట్ బోర్డులు పెట్టి చేస్తారు, కొన్నిటికి రోడ్డు మీద నడిపి చేస్తారు. కెమెరా కాస్త పక్కకి తిరిగినా దూరంగా లేన్ అంచనా తప్పుతుంది, బ్రేక్ అనవసరంగా పడొచ్చు, అవసరమైనప్పుడు పడకపోవచ్చు. మా బావ ఎస్‌యూవీకి కాలిబ్రేషన్‌తో కలిపి 32 వేలు అయ్యింది. బయట షాపువాళ్ళు అద్దం ఒక్కటే వేసి కెమెరా తగిలించి పంపిస్తామంటే ఒప్పుకోవద్దు.

ఇన్సూరెన్స్ లెక్క చాలామందికి తెలీదు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అద్దానికి రాదు, మన కార్‌కి జరిగిన నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ ఉండాలి. జీరో డెప్, అంటే పార్టుల తరుగుదల కొయ్యకుండా ఇచ్చే అదనపు కవర్, లేకపోతే సగం కోసేస్తారని భయపడతారు, కానీ గాజు భాగాలకి తరుగుదల కోత అసలు లేదు, రబ్బరు బీడింగ్ లాంటి వాటికే 50 శాతం కోస్తారు. మన వాటాగా 1500 సీసీ లోపు కార్‌కి 1000, పైన 2000 పెట్టుకోవాలి. అసలు నష్టం ఎన్‌సీబీలో, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ తగ్గింపులో ఉంటుంది. ఉదాహరణకి మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6000, ఇప్పుడు ఎన్‌సీబీ 35 శాతం అనుకోండి. క్లెయిమ్ చెయ్యకపోతే వచ్చే ఏడాది 45, తర్వాత 50 శాతం తగ్గింపు వస్తుంది. చేస్తే సున్నా, తర్వాత 20, 25, 35, 45 అని మళ్ళీ మొదటి నుంచి ఎక్కాలి. ఆ ఐదేళ్ళ తేడా కూడితే 2700, 1800, 1500, 900, 300, మొత్తం 7200. దానికి మన వాటా 1000 కలపండి. అంటే 8 వేల లోపు బిల్లుకి క్లెయిమ్ చేసి లాభం లేదు, మా బావ లాంటి 32 వేల బిల్లుకి కచ్చితంగా చెయ్యాలి. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకుని ఉంటే ఈ లెక్కే వేరు, పాలసీ తీసి చూడండి. క్లెయిమ్ చేస్తే మాత్రం అద్దం ముట్టుకోకముందే కంపెనీకి చెప్పి ఫొటోలు తీయండి, మార్పించాక చెప్తే ఇవ్వరు.

ఇంకోటి, ఫాస్టాగ్. పాత అద్దం మీది ట్యాగ్ పీకితే లోపల యాంటెనా తెగి పనిచెయ్యదు, అదే బ్యాంకులో రీప్లేస్‌మెంట్ ట్యాగ్ అడగండి, పాత బ్యాలెన్స్ దానికే వస్తుంది. అద్దం మార్చేరోజుకి నాలుగురోజుల ముందే పెట్టుకోండి. నేను పెట్టుకోక చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి మూడు టోల్ గేట్ల దగ్గరా డబుల్ కట్టా. చేతిలో పట్టుకుని చూపించే ట్యాగ్‌లని బ్లాక్‌లిస్ట్ చేస్తామని జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్ఏఐ 2025లో చెప్పింది, కాబట్టి కొత్త అద్దం మీద అంటించాల్సిందే.

బిగించిన రోజు అద్దం కదలకుండా వాళ్ళు వేసిన టేపులు పీకకండి, కిటికీ అద్దం ఒక వేలు సందు దించి ఉంచండి, డోర్ దబ్బున వేస్తే లోపలి గాలి ఆరని గమ్‌ని నెట్టేస్తుంది. రెండు రోజులు వాటర్ సర్వీసింగ్ వద్దు. మూడోరోజు ఇంట్లో పైపు పెట్టి అద్దం చుట్టూ పది నిమిషాలు నీళ్ళు పారించి, లోపల ఒకళ్ళు కూర్చుని కింద మూలలు, మ్యాట్ కింద చేత్తో తడిమి చూడండి, తడి తగిలితే అదే రోజు బండి తీసుకెళ్ళి చూపించండి, అందుకే బిల్లు మీద లీకేజీ వారంటీ ఎన్ని నెలలో ముందే రాయించుకోవాలి.

మీ కార్ మోడల్, ఏ సంవత్సరం, ఏ వేరియంట్, మిర్రర్ వెనకాల కెమెరా ఉందా లేదా చెప్పండి, ఆ 13 వేలు న్యాయమో కాదో అప్పుడు చెప్పగలను.