రంగు వేయకముందే బీడింగు ఒకసారి బిగించి చూడు

చిరంజీవి మేనల్లుడికి చిత్తూరు నుంచి మామ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. వచ్చే వారం తాత ఫియట్‌ను రంగుకు ఇస్తున్నానన్నావు, చాలా సంతోషం. కానీ పక్క బీడింగులన్నీ, అంటే తలుపుల మీదా మడ్‌గార్డుల మీదా పొడవునా ఉండే ఆ మెరుపు పట్టీలన్నీ, విప్పి గోనెసంచిలో వేసి మిద్దె మీద పెట్టాననీ, రంగు అయ్యాక తీరిగ్గా బిగించుకుంటాననీ కూడా అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. కారు షెడ్డుకు పోయే ముందు ఇది పూర్తిగా చదువు.

బీడింగు చివర్లో చేసే పనిగా కనిపిస్తుంది. దాంట్లో ముప్పాతిక వంతు రంగుకు ముందే అయిపోవాలి అల్లుడూ. రంధ్రాలు సరిచేయడం, పట్టీల వంపులు తీయడం, కొత్త క్లిప్పులు పడుతున్నాయో లేదో చూడడం, తలుపుల వరుస కలపడం, ఇవన్నీ రేకు బయటికి కనిపిస్తుండగా చేస్తే గీత పడినా రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత కింద పోతుంది. రంగు వేశాక డ్రిల్లు పట్టుకున్నావంటే, చెయ్యి ఒక్కసారి జారితే చాలు, తలుపు మొత్తానికి మళ్లీ రంగు వేయించాలి.

ముందు ఆ సంచి దించు. పట్టీలను గుత్తంగా కట్టి పెడితే వాటి బరువుకే వంగుతాయి. ఒక పాత దుప్పటి పరిచి, కారు మీద ఏ పట్టీ ఎక్కడుండేదో అదే వరుసలో పేర్చు. ప్రతి పట్టీ వెనక మాస్కింగ్ టేపు అంటించి ఎడమదా కుడిదా, ముందు తలుపా వెనక తలుపా, ఏ కొస ముందుకు ఉండాలో రాయి. ఎడమదీ కుడిదీ చూడడానికి ఒకటే అనిపిస్తాయి కానీ కొసల కోత వేరుగా ఉంటుంది. తుప్పు పట్టి విరిగిన క్లిప్పులను కూడా పారేయకు. కొత్తవి కొనేటప్పుడు చేతిలో పాతది ఉంటేనే సరైన సైజు దొరుకుతుంది.

తర్వాత అవి ఏ లోహమో తేల్చుకో. అయస్కాంతం అంటుకుంటే ఇనుమే అని తీర్మానించకు. కార్ల పట్టీలకు ఎక్కువగా వాడే 430 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకుంటుంది. మన వంటింటి సామాన్ల 304 రకానికి దాదాపు అంటుకోదు. చేతికి తేలిగ్గా, వెలిసిన తెలుపుతో ఉంటే అల్యూమినియం. వెనకవైపు గీస్తే పసుపుపచ్చగా కనబడితే ఇత్తడి మీద క్రోమ్ పూత. పొర లేచి ఎర్రటి మచ్చలు కనబడితే ఇనుము మీద పూత. ఇది తెలియకుండా అన్నీ కలిపి పూతకు ఇస్తే డబ్బులు దండగ. స్టెయిన్‌లెస్ పట్టీకి పూత అక్కర్లేదు, పాలిష్ చాలు. అల్యూమినియం పట్టీల మీద అనోడైజింగ్ పొర, అంటే కరెంటుతో ఎక్కించిన గట్టి రక్షణ పొర, ఉంటుంది. అది పోయేదాకా ఎంత రుద్దినా మెరుపు రాదు. కాస్టిక్ సోడాతో ఆ పొర తీస్తారు. ఆ పని ఇంట్లో పెట్టుకోకు, కళ్లకూ చర్మానికీ ప్రమాదం. తెలిసిన అనోడైజింగ్ వాళ్లకే ఇవ్వు, పాలిష్ అయ్యాక పొర మళ్లీ వేసి ఇస్తారు.

సొట్టలు తీసే పని మాత్రం నీ చేత్తో చేసుకోవచ్చు. ఓపిక ఉన్నవాడికి ఇంతకంటే తృప్తినిచ్చే పని ఇంకోటి లేదని నా నమ్మకం. పట్టీ లోపలి వంపుకు సరిపోయేలా ఒక గట్టి చెక్క దిమ్మె కావాలి. చింత చెక్క అయితే బాగుంటుంది. నీకు చెక్కడం రాకపోతే ఏర్పేడు దగ్గర మాధవమాలకు ఒక ముక్క పట్టుకుపో. అక్కడ చెక్క బొమ్మలు చేసే చేతులకు ఈ వంపు పెద్ద పని కాదు. పట్టీని బోర్లించి, సొట్ట అంచుల నుంచి మధ్యకు, చిన్న సుత్తితో తేలిగ్గా తడుతూ రా. ఒకే దెబ్బకు లేపాలని చూస్తే రేకు సాగిపోతుంది, సాగిన రేకు మళ్లీ కుదురుకోదు. మధ్యమధ్యలో పై వైపు సన్నటి ఆకురాయి ఒక్కసారి లాగి చూడు. మెరిసిన చోట ఎత్తు, మసకగా మిగిలిన చోట పల్లం. సమానం అయ్యాక 400, 600, 800, 1200 నంబర్ల వాటర్ పేపర్లు వరుసగా, ఎప్పుడూ పొడవు వైపే రుద్దు.

బఫింగ్‌కు, అంటే తిరిగే గుడ్డ చక్రానికి పెట్టి మెరుపు తెప్పించడానికి, తిరుపతిలో స్టీలు సామాన్లు పాలిష్ చేసే వాళ్లున్నారు, పని తెలిసినవాళ్లే. కాకపోతే బిందెను నొక్కినట్టు పట్టీని నొక్కితే వేడెక్కి మెలితిరుగుతుంది. దగ్గరుండి చేయించు. చక్రం పట్టీ అంచును ఎదురుగా తాకకూడదు, అంచు మీది నుంచి బయటికి జారిపోయేలా తిరగాలి. లేకపోతే పట్టీని లాగి మనిషి మీదికే విసురుతుంది. ఇనుప తీగల బ్రష్షు మాత్రం దగ్గరికి రానివ్వకు. ఆ ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లో దిగి, కొన్నాళ్లకు స్టీలే తుప్పు పట్టినట్టు మచ్చలు తేలతాయి.

పనికిరానివి ఏవైనా ఉంటే వాటి బదులు వేరేవి కొనడానికి చెన్నైలో పుదుపేట, బెంగళూరులో జేసీ రోడ్డు తిరుగు. మనకు రెండూ దగ్గరే. ఈ బండి 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. బాడీ ఆకారం ఒకటేలా ఉందని ఏ ఏడాది పట్టీ అయినా సరిపోతుందని దుకాణంలో చెబుతారు. నమ్మొద్దు. నీ తలుపు మీది రంధ్రాల మధ్య దూరాలు అట్టముక్క మీద గుర్తుపెట్టుకుని వెళ్లు, పట్టీని దాని మీద పెట్టి చూసి కొను.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. టింకరింగ్ వాళ్లు, అదే రేకు పని చేసేవాళ్లు, తుప్పు తినేసిన రంధ్రాలను వెల్డింగుతో పూడ్చేస్తారు, మీద పుట్టీ వేస్తారు, ఆ తర్వాత అవి ఎక్కడుండేవో దేవుడికే తెలియాలి. అందుకని ప్రతి తలుపుకూ, ప్రతి మడ్‌గార్డుకూ ఒక నమూనా తీసుకో. పాత ఎక్స్‌రే ఫిల్ములు దీనికి బాగా పనికొస్తాయి, వాటి గుండా అవతలి వైపు కనిపిస్తుంది, చిరగవు. తలుపు అంచుకూ మలుపుకూ కలిపి పెట్టి, రంధ్రాల గుర్తులు వేసి, పేరు రాసుకో.

టింకరింగ్ అయ్యాక, ప్రైమర్ మీద, కారుకు ఉత్తుత్తి బిగింపు చెయ్యి. దానికంటే ముందు తలుపులు వేలాడదీసి కీళ్లూ లాకూ సరిచేయించు. కొత్త డోర్ రబ్బరు పెట్టి చూడాలి సుమా. కొత్త రబ్బరు గట్టిగా ఉండి తలుపును రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి నెడుతుంది. రబ్బరు లేకుండా వరుస కలిపితే తర్వాత తలుపు మీది పట్టీ మడ్‌గార్డు పట్టీ కంటే ముందుకు పొడుచుకొస్తుంది. ముందు మడ్‌గార్డు నుంచి వెనక దాకా సన్న దారం లాగి కట్టు. పది అడుగుల దూరంలో, కన్ను పట్టీ ఎత్తుకు వచ్చేలా గొంతుకూర్చుని చూడు. కంపెనీ రంధ్రాలే కొంచెం అటూ ఇటూ ఉండటం మామూలే. కొలత ఒకటి చెప్పి కన్ను ఇంకోటి చెబితే కన్ను మాటే విను, రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో కాస్త పొడవు చేసి వరుస కలుపు. చీర అంచు వంకర ఎంత దూరం నుంచైనా ఎలా తెలుస్తుందో, ఈ గీత వంకర కూడా అలాగే తెలిసిపోతుంది. పట్టీ మధ్యలో ఆనుకుని కొసల్లో లేస్తుంటే పట్టీని వంచకు. అక్కడ పుట్టీ మందంగా ఉంది, పుట్టీనే తగ్గించమని అడుగు. వాళ్లు విసుక్కుంటారు. అయినా అడుగు.

పట్టీ కొసకూ పక్క పట్టీకీ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. తలుపు తెరిచేటప్పుడు కీలు వైపు అంచు లోపలికి తిరుగుతుంది, సందు లేకపోతే కొస పక్క రంగును గీకేస్తుంది. మధ్యలో కాగితం పెట్టి తలుపు మెల్లగా తెరిచి చూడు, కాగితం నలగకుండా రావాలి. మన ఎండ సంగతి కూడా చూసుకోవాలి. ఒక మీటరు అల్యూమినియం పట్టీ 40 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 0.9 మిల్లీమీటరు సాగుతుంది, దాని కింది ఇనుప రేకు అందులో సగమే సాగుతుంది. బిగుతుగా ఇరికిస్తే మే నెలలో మధ్యలో ఉబ్బుతుంది.

అంతా కుదిరాక విప్పేసి, రంధ్రాల అంచులు నున్నగా చేసి, అక్కడ జింక్ ప్రైమర్ బ్రష్షుతో పూయించు. రంగు వేశాక మూడు నాలుగు వారాలు ఆగు. పైన ఆరినట్టే ఉంటుంది, కింద ఇంకా మెత్తగానే ఉంటుంది. తొందరపడితే క్లిప్పు అచ్చు పడిపోతుంది. కార్తీకంలో వానలు పట్టుకుంటే ఇంకో వారం కలుపుకో.

బిగించే రోజు పొద్దున్నే నీడలో మొదలుపెట్టు, పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఉంగరం, వాచీ, బెల్టు తీసేయండి. పట్టీ వచ్చే చోటుకు పైనా కిందా, తలుపు అంచుల మీదా మాస్కింగ్ టేపు రెండు పొరలు వెయ్యి. క్లిప్పులన్నీ ముందే పెట్టు, ప్రతిదాని వెనక రంధ్రం మూసుకునేలా బ్యూటైల్ ముద్ద (నీళ్లు దిగకుండా ఆపే జిగురు రబ్బరు) కొంచెం ఉంచు. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రేకును తింటుంది. పట్టీ పై అంచును క్లిప్పులకు తగిలించి, మధ్య నుంచి కొసలకు అరచేత్తో కింది అంచు నొక్కుతూ పో. ఎక్కడైనా ఎక్కకపోతే బట్ట చుట్టిన చెక్కముక్కతో నొక్కు, సుత్తి ముట్టుకోకు. కొసల్లో నట్టు ఉన్నచోట చేత్తో తిప్పి, వాషరు ఆనాక పావు తిప్పు చాలు. ఎక్కువ బిగిస్తే పట్టీ మీద గుంట కనబడుతుంది. డబుల్ టేపుతో అంటిస్తే ఐదు నిమిషాల పని అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ స్పాంజి మందానికి పట్టీ బాడీని ఆనదు, రేపు తీయాల్సి వస్తే రంగుతో సహా ఊడుతుంది.

అద్దం చుట్టూ ఉండే మెరుపు పట్టీ వేరే లెక్క. అది రబ్బరు గాడిలో కూర్చుంటుంది. సబ్బునీళ్లే వాడు, నూనె గ్రీజు రబ్బరును పాడుచేస్తాయి. అద్దం బిగించే మనిషికే ఆ పని వదిలెయ్, అతనికి తాడు లాగే ఒడుపు తెలుస్తుంది.

బిగించిన వారంలో భాకరాపేట ఘాట్ మీద ఒకసారి నడుపు, కిటికీలు మూసి, పాటలు ఆపి. గలగలమన్న చోట గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చాక ఆ క్లిప్పు చెవులు కాస్త విప్పార్చి మళ్లీ పెట్టు. మొదటి వాన తర్వాత తలుపు లోపలి అట్ట తీసి తడి చూడు. తడి ఉంటే ఏదో రంధ్రం దగ్గర ముద్ద సరిగా కూర్చోలేదన్నమాట. అప్పుడే సరిచేస్తే సరిపోతుంది, వదిలేస్తే తలుపు అడుగు మళ్లీ తుప్పే.

షెడ్డు వాళ్లకు నాలుగు రోజులు ఆగమని ఈరోజే చెప్పు. పట్టీలు పేర్చాక వాటి ఫోటోలూ, ఎడమ వెనక తలుపు రంధ్రాల ఫోటోలూ నాకు పంపు. ఆ తలుపు మీ తాత ఒకసారి మార్పించాడు, అక్కడ వరుస తేడా ఉందేమో నేను చూడాలి. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామ