కూతురు మురుగునీళ్ల ప్రొఫెసర్ అవుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. క్యాంపస్‌కు సాఫ్ట్‌వేర్ కంపెనీలు వస్తే కూర్చోనంటోంది. మురుగునీటి శుద్ధి మీద పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతుందట. ముప్పై ఏళ్లొచ్చేదాకా చదువే అయితే పెళ్లెప్పుడు? నలుగురూ ఏమనుకుంటారు? పోనీ పర్యావరణమే కావాలంటే ఆన్‌లైన్‌లో ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలనా బాధ్యతల) కోర్సు చేయించి ఏదైనా కార్పొరేట్ ఉద్యోగంలో పెట్టిద్దామా? పోల్చి చెప్పండి.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు నాలుగైనా వస్తాయండీ. అందరూ జీతం దగ్గర మొదలుపెట్టి పెళ్లి దగ్గర తేలతారు. మీరు జీతం ఊసే ఎత్తలేదు, నేరుగా నలుగురి దగ్గరికే వచ్చారు. ఆ నలుగురిలో ఒక్కరైనా మీ అమ్మాయి ఫీజు కట్టారా?

ముందు మీ జేబు సంగతి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష గురించి అమ్మాయికే బాగా తెలిసుంటుంది, వదిలేస్తున్నాను. ఆ స్కోరుతో ఎంటెక్‌లో సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్. పీహెచ్‌డీలో ఫెలోషిప్ దొరికితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. ఠంచనుగా ఒకటో తారీఖుకు పడుతుందని మాత్రం నేను హామీ ఉండను. అయినా ముప్పై ఏళ్లదాకా మీరు కూర్చోబెట్టి పోషించాల్సిన పని లేదు.

కష్టమంతా ఆ తర్వాతే. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. ఐఐటీల్లో పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు 1,01,500. అంకెలు బాగానే ఉన్నాయి, పోస్టులే లేవు. మన రాష్ట్ర వర్సిటీల్లో కాంట్రాక్టు మీదే జుట్టు నెరిసినవాళ్లున్నారు. ప్రైవేటు కాలేజీల్లో సివిల్ సీట్లు తగ్గి కంప్యూటర్ సీట్లు పెరగడం మీరూ చూస్తున్నారు. అందుకే పీహెచ్‌డీ ఎక్కడ, ఏ గైడ్ దగ్గర అన్నది సబ్జెక్టు కంటే ముఖ్యం. పాఠం చెప్పే ఉద్యోగం రాకపోతే నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) లాంటి పరిశోధనా సంస్థలున్నాయి, నీటిశుద్ధి కంపెనీలున్నాయి.

ఇక మీ ఈఎస్‌జీ కోర్సు. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన మొదటి వెయ్యి కంపెనీలు పర్యావరణం, సామాజిక బాధ్యతల మీద ఏటా నివేదిక ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఇక చూడండి, ఆరు వారాల్లో సస్టైనబిలిటీ నిపుణుణ్ని చేస్తామనే దుకాణాలు వీధికొకటి. రెండేళ్ల కిందట నేనూ ఇద్దరు పిల్లలకు ఈ కోర్సే చేయమని చెప్పాను, ఒప్పుకుంటున్నాను. ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీళ్ల లెక్కలు, కరెంటు లెక్కలు ఎక్సెల్‌లో నింపడమే వాళ్ల పని. "సార్, ఈ అంకె తప్పని తెలుస్తోంది, ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాం" అన్నాడు అందులో ఒకడు. ఆ 'ఎందుకు' తెలిసినవాళ్లకే అక్కడ విలువ. మురుగునీటి శాంపిల్ ఎన్నడూ చేత్తో పట్టనివాళ్లకు అది సర్టిఫికెట్‌తో రాదు. మీ అమ్మాయి వెళ్తానంటున్నది సరిగ్గా ఆ చోటికే. మీరు ఆపుతున్నదీ అక్కడే.

ఒకసారి ఒక కాలేజీ ల్యాబ్‌లో ఎంటెక్ అమ్మాయి పని చూశాను. తెల్లవారుజామున నాలా దగ్గర శాంపిళ్లు పట్టి, ఐసు పెట్టెలో తెచ్చింది. నీళ్లలోని మురుగు ఎంత ఆక్సిజన్ తింటుందో తేల్చే పరీక్ష అది. 300 మిల్లీలీటర్ల సీసాల్లో నింపి, 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాలి. సీసాలో చిన్న గాలిబుడగ మిగిలినా లెక్క తప్పుతుంది, మళ్లీ నాలా దగ్గరికే. నాలుగో రోజు ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం, బ్యూరెట్ తిప్పుతూ కూర్చుంది. ముదురు నీలం రంగు ఒక్క చుక్కతో తెల్లబోయింది. రీడింగు రాసుకుని ఆ పిల్ల నవ్విన నవ్వు నాకింకా గుర్తు. దగ్గర నిలబడ్డ నేనేమో చేతిరుమాలు ముక్కు నుంచి తీయలేదు.

అన్నట్టు, నల్గొండ నుంచి ఈ ప్రశ్న వచ్చినందుకు కొంచెం కోపమే వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవాళ్లు మీ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో నీరీ వాళ్లు తయారుచేశారు. దాని పేరు నల్గొండ టెక్నిక్. ఇథియోపియా, టాంజానియాల్లోనూ ఆ పేరుతోనే వాడారు. అందులో లోపాలూ ఉన్నాయి: బురద పేరుకుంటుంది, నీళ్లలో అల్యూమినియం మిగలొచ్చు. వాటి మీద పనిచేసేది ఇలాంటి పిచ్చి ఉన్న పిల్లలేనండీ. మీ జిల్లా పేరు ఏ దేశంలో ఎక్కడ వినిపించినా నలుగురూ ఏమనుకుంటారో అప్పుడు చూడండి.

పోల్చమన్నారు కదా. మొదటి పదేళ్లు డబ్బులో సాఫ్ట్‌వేర్‌దే పైచేయి, అందులో వాదన లేదు. పెళ్లి విషయానికి నేను పెళ్లిళ్ల పేరయ్యను కాను గానీ, పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకున్న ఆడపిల్లలు బోలెడంతమంది. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ లెక్కలో వాళ్లకు 240 రోజుల దాకా ప్రసూతి సెలవుంది, గడువులో రెండేళ్ల సడలింపూ ఉంది.

ఇప్పుడే అవునూ కాదూ అనకండి. ఈ వేసవి సెలవుల్లో ఏదైనా మురుగుశుద్ధి కేంద్రంలోనో, పర్యావరణ ల్యాబ్‌లోనో రెండు నెలలు పని చేయనివ్వండి. ఆ కంపుకు పదిహేను రోజులకే ఇంటికొచ్చేస్తే మీ సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ పోదు. రెండు నెలలూ ఉండి సీసాల గురించే మాట్లాడుతూ వస్తే, నాకు మళ్లీ రాయండి, గైడ్‌ను ఎలా వెతుక్కోవాలో అప్పుడు చెప్తాను.