ముఖం దాచుకున్న మనిషికి పోస్టర్

ప్రశ్న: నేను ‘నీడ’ అనే పేరుతో మెంటలిజం, అంటే ఎదుటివాళ్ల మనసులో మాట చెప్పే ప్రదర్శనలు ఇస్తాను. ముఖం చూపించను, అసలు పేరు చెప్పను. పోస్టర్ నేనే తయారు చేసుకున్నాను. నల్లని నేపథ్యం, పొగ, నెలవంక, గుడ్లగూబ, కపాలం, ముసుగు మనిషి, పెద్ద ప్రశ్నార్థకం. చూసినవాళ్లు దయ్యాల సినిమా ఎప్పుడు విడుదలని అడుగుతున్నారు. ఎక్కడ తప్పు చేశాను? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: గుడ్లగూబ బొమ్మ చక్కగా కుదిరింది. అయినా తీసేయండి. పొగ, కపాలం కూడా. అవన్నీ కలిసి జనాన్ని భయపెడుతున్నాయి. మీరు చేసేది ఎదుటివాళ్లు మనసులో అనుకున్న అంకె చెప్పడం కదా, అందులో భయమెక్కడిది?

సుమారు నూరేళ్ల కిందట అమెరికాలో అలెగ్జాండర్ అనే మెంటలిస్టు ఉండేవాడు. ఆయన పోస్టర్‌లో ముఖం బాహాటంగానే ఉంటుంది. తలపాగా, గుచ్చి చూసే కళ్లు, పేరు, పక్కన ‘తెలిసినవాడు’ అన్న అర్థం వచ్చే మాట. ఏం తెలుసో చెప్పలేదు. టికెట్టు కొనేది ఆ ఒక్క సంగతి కోసమే.

మీరు ముఖం దాస్తున్నారు కాబట్టి చేయి చూపించండి. వేళ్ల మధ్య నాలుగు మడతల చీటీ. కిటికీ పక్కన నిలబడి, ఒకవైపు వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయించుకోండి. మడతలోంచి సిరా గీత కాస్త కనబడాలి, అంకె మాత్రం అందకూడదు. ‘నీడ’ రెండక్షరాలే, వత్తులు కూడా లేవు, అదృష్టవంతులు! రామభద్ర లాంటి లావు ఫాంటులో వేయండి.

తేదీ, వేళ, హాలు పేరు దగ్గర మాత్రం రహస్యం వద్దు. ఒకప్పుడు ఒక ఇంద్రజాలికుడి పోస్టర్‌లో హాలు పేరును నలుపు మీద ముదురు ఊదా రంగులో వేశాను. కంప్యూటర్ తెర మీద మహా అందంగా ఉంది, అచ్చులో మాయమైంది. సగం కుర్చీలు ఖాళీ. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆయన మనసులో ఏముందో తెలుసుకోవడానికి నాకు ఏ విద్యా అవసరం కాలేదు.

నలుపు గురించి ఒక మాట. ఒక్క నల్ల సిరాతోనే అచ్చు వేయిస్తే పెద్ద నేపథ్యం వెలిసినట్టు వస్తుంది. సయాన్ (లేత నీలం) 60, మజెంటా (ముదురు గులాబీ) 40, పసుపు 40, నలుపు 100 శాతం చొప్పున కలపమని అచ్చువాళ్లకు చెప్పండి. అయితే ఆ నలుపు మీద సన్నని తెల్ల అక్షరాలు పెట్టకండి. రంగులు వెంట్రుకవాసి జరిగినా గుడిసున్నాలు పూడిపోతాయి.

ముందు ఏ3 కాగితం మీద ఒక్క ప్రతి తీయించి, గోడకు అంటించి, వీధి అవతలి నుంచి చూడండి. తేదీ చదవగలిగితే మిగతావి వేయించండి.